ముందే గీసిన గీతలు

బడి వెనక ఇల్లు, ముందుగది
ఆపరేషనయిన నాలుగో వారం

మరదలికి,

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానని ఆశ్చర్యపోకు. ఫోన్లో అయితే "సిగ్నలు లేదు వదినగారూ" అని పెట్టేస్తావు. కాగితానికి సిగ్నలు అక్కర్లేదు.

నిన్న మా తమ్ముడు ఫోను చేశాడు. వాడికి ఏదీ సూటిగా చెప్పడం చేతకాదు కదా, పావుగంట ఎండల గురించి మాట్లాడి ఆఖర్న నీళ్లు నమిలాడు. నీ రొమ్ము తీసేసి నాలుగు వారాలైంది. గొట్టం తీసేశారు, కుట్లు మానాయి, మాత్రలు తప్ప ఇంకేమీ అక్కర్లేదని డాక్టరు చెప్పాడు. అయినా తమరు కుడిచెయ్యి ఒంటికి అతికించుకుని తిరుగుతున్నారట. తల కూడా వాడే దువ్వుతున్నాడట! చెయ్యి ఎత్తితే కుట్లు ఊడిపోతాయన్నావట. ఎవరు చెప్పారే నీకు? పక్కింటావిడా, పాలమ్మాయా? ముప్ఫై రెండేళ్లు డ్రిల్లు టీచరుగా చేశాను. చేతులు ఎత్తండి అనగానే కడుపునొప్పి అని కూలబడే పిల్లల్ని వేలమందిని చూశాను. నీ సాకు వాళ్ల సాకు కంటే గొప్పదేమీ కాదు.

భుజం కదపకపోతే బిగుసుకుపోతుంది. రేపటి నుంచి గోడకి ఎదురుగా నిలబడు. వేళ్లు గోడకి ఆనించి సాలెపురుగు పాకినట్టు పైకి పాకించు. ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గీత పెట్టు. గీత ఎంత పైకి వెళ్లిందో వారం వారం నాకు రాయాలి.

ఇంకో సంగతి. మా బడి గేటు మీద నువ్వు రాసిన బోర్డు పెచ్చులూడిపోయింది. కమిటీవాళ్లు దాన్ని పీకేసి ప్లాస్టిక్ గుడ్డ మీద అచ్చేయించి కడతామంటున్నారు. సెలవులయ్యి బడి తెరిచేలోగా అయిపోవాలట, అంటే పద్నాలుగు వారాలు. నువ్వు రాస్తానంటే ఆగుతారు, లేకపోతే లేదు. నాకేం, ఏ బోర్డయినా ఒకటే. నిజానికి దాన్ని చూస్తేనే ఒళ్లు మంట. ఇరవై ఆరేళ్ల కిందట నువ్వు నిచ్చెనెక్కి ఆ బోర్డు రాస్తుంటే, నాకు అన్నం క్యారియరు తెచ్చిన మా తమ్ముడు కాస్త నిచ్చెన పట్టుకున్నాడు. ఇంతవరకూ వదల్లేదు. డిగ్రీ చదివినవాణ్ని నిచ్చెన మోసేవాణ్ని చేసిన ఘనత నీదే.

వదిన

*

రంగుల కొట్టు పైగది
ఐదో వారం

వదినగారికి,

ఉత్తరం అందింది. మీ ఈల కాగితంలోంచి కూడా వినపడుతోంది. నాకు రొమ్ము ఒకటి పోయింది గానీ నోరు పోలేదు, అందుకని జవాబు రాస్తున్నాను. ఒళ్లో అట్ట పెట్టుకుని రాయడానికి భుజంతో పనిలేదు.

చెయ్యి కదపమని చెప్పడానికి ఇక్కడ మనుషులు లేక మీరు పూనుకున్నారా? హాస్పిటల్లో వ్యాయామాల గదిలో ఒక అమ్మాయి ఉంది. ఎప్పుడూ మెడలో రబ్బరు తాడు వేసుకుని తిరుగుతుంది. "అమ్మా, మెల్లగా... అమ్మా, లాగినట్టుంటే పర్లేదు, పోటు పొడిస్తే ఆపెయ్యండి" అని చంటిపిల్లకి చెప్పినట్టు చెబుతుంది. బొమ్మల కాగితం ఒకటి ఇచ్చింది. ఆ బొమ్మలు వేసినవాణ్ని నా కొట్టులో డబ్బాలు కడగడానికి కూడా పెట్టుకోను. బొమ్మలో మనిషికి మెడ లేదు. మోచెయ్యి ఉండాల్సిన చోట లేదు. ఆరో బొమ్మ ఎడమచెయ్యి ఎత్తి నిలబడితే కింద "కుడిచెయ్యి" అని రాసుంది. దాన్ని చూసి నా భుజం బాగుపడాలట.

ఇక మీ కమిటీ. ప్లాస్టిక్ గుడ్డ! రెండు ఎండలకి వెలిసి, మూడో గాలికి చిరిగి, నాలుగో ఏడు ఎవడి పందిరి మీదో కప్పుకుంటారు. నా బోర్డు ఇరవై ఆరేళ్లు నిలబడింది. నేనే మళ్లీ రాస్తానని చెప్పండి. చెయ్యి రాకపోతే పళ్లతో కుంచె పట్టుకుని రాస్తాను గానీ, నా అక్షరాలున్న చోట ఆ గుడ్డ వేలాడనివ్వను. ఈ చేతికి ఆ పని రాకపోతే నేను బతికి బయటపడి చేసేదేముంది, గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఆవలించడమా?

నిచ్చెన పట్టుకోమని మీ తమ్ముణ్ని నేను అడగలేదు, ఆయనే పట్టుకున్నారు. ఆ డిగ్రీతో ఇంకేం పట్టుకునేవారో మీరే చెప్పండి.

గోడ ఎక్కడం మొదలుపెట్టాను. మొదటి గీత భుజం ఎత్తున ఉంది. చాలా?

మీ మరదలు

*

ముందుగది
ఐదో వారం

మరదలికి,

చాలదు. భుజం ఎత్తు అంటే చెయ్యి ఎత్తినట్టు కాదు, చూపించినట్టు.

మెల్లగా మెల్లగా అనేవాళ్లు ఎవరికీ పరుగు నేర్పలేదు. ఆ రబ్బరు తాడు అమ్మాయికి వయసెంత, పాతికా? నా ఈల వయసు అంతకంటే ఎక్కువ. ఆ పిల్ల చెప్పేది ఆ పిల్లని చెప్పుకోనీ. అర లీటరు సీసా నిండా నీళ్లు పోసి, కుడిచేత్తో పట్టుకుని గుండ్రంగా తిప్పు. పొద్దున వంద, సాయంత్రం వంద. నొప్పి వస్తుంది. వస్తే ఏం, నొప్పి లేకుండా ఏది వస్తుంది? నా దగ్గర జిల్లా పోటీలకి వెళ్లిన పిల్లలందరూ ఏడ్చుకుంటూ వెళ్లినవాళ్లే.

నువ్వు రాస్తావని కమిటీకి చెప్పాను. నా మాట పోగొట్టకు. పోతే నీ అక్షరాలు మాత్రమే కాదు, నా పరువు కూడా.

వదిన

*

పైగది
పదో వారం

వదినగారికి,

మీ ఉత్తరం అందినా జవాబు ఆలస్యమైంది. మీరు వారం వారం రాయమన్న లెక్క ఐదు వారాలదీ ఒకేసారి పంపుతున్నాను. మొదటి గీత నుంచి కొలిస్తే: తర్వాతి వారం రెండు వేళ్ల ఎత్తు. ఆ తర్వాత నాలుగు వేళ్లు. తర్వాత ఆరు, ఎనిమిది. ఈ వారం పది వేళ్లు. మీరు చెప్పినట్టే చేస్తున్నాను. చాలా సులువుగా ఉంది. బోర్డు గురించి మీరేం దిగులు పడక్కర్లేదు.

దిగులల్లా ఇక్కడి మనుషులతోనే. పరామర్శ అని వస్తారు. నిన్న ఎదురుమేడ ఆవిడ వచ్చి అరగంట కూర్చుంది. నా మొహం వైపు ఒక్కసారి చూస్తే ఒట్టు. ఏ పక్కది తీశారో తేల్చుకోవడానికే ఆ అరగంటా సరిపోలేదు పాపం. ఆఖరికి నేనే "కుడిపక్కదమ్మా, కళ్లు నొప్పెడతాయి, ఇక మానెయ్" అన్నాను. ఆవిడ వెళ్లగానే ఇంకొకావిడ. "మా పిన్నికి కూడా ఇదే వచ్చింది" అంది. "ఇప్పుడెలా ఉన్నారు?" అన్నాను. "పోయింది" అంది. ధైర్యం చెప్పడానికి వచ్చిందట ఆ మహాతల్లి! వెళ్తూ వెళ్తూ బిస్కట్లు కూడా తినిపోయింది.

కొట్టులో పని మీ తమ్ముడు చూసుకుంటున్నారు. అంటే కొట్టు తెరుస్తున్నారు, మూస్తున్నారు. మధ్యలో రంగుల డబ్బాల మూతలు తుడుస్తున్నారు. మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ మరదలు

*

ముందుగది
పదో వారం

మరదలికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషించాను. రెండోసారి నా మీద నాకే అసహ్యం వేసింది, ఇంత తేలిగ్గా నమ్మినందుకు.

రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది. ఇది మనిషి ఒళ్లా, ఎక్కాల పుస్తకమా? బళ్లో ఎత్తు దూకుడు లెక్క పిల్లలనే పుస్తకంలో రాసుకోమనేదాన్ని. దూకకుండా రాసుకున్నదాని లెక్క వారానికి అంగుళం చొప్పున చక్కగా పెరిగేది. నిజంగా దూకినదాని లెక్క చూస్తే తల తిరిగేది. ఒక వారం పైకి, మరో వారం కిందికి, ఇంకో వారం వర్షం వచ్చిందని ఖాళీ. ఒళ్లు అలాగే ఉంటుంది.

నువ్వు బోర్డు రాసేముందు ఏం చేస్తావో నాకు తెలియదనుకున్నావా? ఆ రోజు గేటు దగ్గర నిలబడి చూశాను. సుద్ద పూసిన దారం బిగించి కొట్టి, గీతలన్నీ సమానంగా వేసుకుని, తర్వాత అక్షరాలు తెచ్చి వాటి మధ్య కూర్చోబెట్టావు. ఇంట్లో గోడ మీద కూడా అదే చేశావు, అవునా కాదా? మొదటి రోజే గీతలన్నీ కొట్టేసుకుని, వాటి వైపు చూస్తూ కూర్చున్నావు. ఇలాంటి దొంగతనం కూడా కొలతలు తప్పకుండా చెయ్యడం నీకే చెల్లింది.

ఇంకొకటి. "మీరు చెప్పినట్టే చేస్తున్నాను" అని రాశావు. కూరలో ఉప్పు తక్కువైందంటే ఇరవై ఆరేళ్లలో ఒక్కసారైనా ఒప్పుకోని మనిషివి. నువ్వు నాకు మర్యాద ఇస్తున్నావంటే ఏదో పెద్దదే దాస్తున్నావు. చెయ్యి ఎంత లేస్తోందో ఒక్క ముక్కలో రాయి.

వదిన

*

పైగది
పదకొండో వారం

వదినగారికి,

అవును. ఆరు గీతలూ ఒక్కరోజే కొట్టాను. దారం రెండో కొస మీ తమ్ముడే పట్టుకున్నారు, ఎందుకని అడగలేదు. ఆయన ఎప్పుడు అడిగారు గనక. నా చెయ్యి మొదటి గీత దాటి అర వేలు కూడా పోదు. ఇక ఈల వేసుకోండి.

మీ సీసా కూడా తిప్పాను. నవ్వకండి. మీరు నా చేతిని సాకు అన్నారు కదా, మీ నోరు మూయించాలని పట్టుపట్టి నాలుగు రోజులు, పూటకి వంద తిప్పాను. ఐదో రోజు ఒళ్లు తుడుచుకుంటుంటే కనిపించింది. చంకలోంచి మోచేతి మడత దాకా చర్మం కింద తాడు. బిగించిన సుద్దదారంలాగే ఉంది. చెయ్యి ఎత్తబోతే ఇంకా పైకి తేలి లాగుతుంది.

అది మళ్లీ వచ్చింది వదినగారూ. నాకు తెలుసు. చంకలో గ్రంథులు తీసినచోటే మొదలై చేతిలోకి పాకింది.

ఆ రోజు నుంచి గోడ దగ్గరికి వెళ్లలేదు. వ్యాయామాలకి వెళ్తున్నానని మీ తమ్ముడితో చెప్పి బయల్దేరతాను. బస్టాపులో బల్ల మీద గంట కూర్చుని తిరిగొస్తాను. అక్కడికి వెళ్తే రబ్బరు తాడు అమ్మాయి చూస్తుంది. చూస్తే డాక్టరుకి చెబుతుంది. ఈసారి ఏం కోస్తారో. చెయ్యే తీసేస్తే? రొమ్ము తీస్తామన్నప్పుడు "తీసుకోండి, దాంతో నేను బోర్డులు రాయను" అన్నాను, డాక్టరు కూడా నవ్వాడు. ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు. పరామర్శల వాళ్లని చూసి ఎంత ఈసడించుకున్నానో, వాళ్లందరికంటే నీచంగా ఉంది నా బతుకు. బస్టాపులో దాక్కునే మనిషిని నేనేనా?

నేను పిరికిదాన్నని రుజువు దొరకాలని మీరు ఇరవై ఆరేళ్లు చూశారు. ఇదిగో, నా చేతిరాతతోనే ఇస్తున్నాను. బోర్డు ఆ గుడ్డవాడికే ఇచ్చెయ్యమనండి.

మీ తమ్ముడికి చెప్పకండి. ఆయన భయపడతారు. ఆయన భయపడితే నాకు ఇంకా భయం.

మరదలు

*

బస్సు స్టాండు, టిక్కెట్ల కిటికీ పక్క బల్ల
పదకొండో వారం

మరదలా,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, సాయంత్రం మీ కొట్టు ముందు ఆపి ఇస్తాడు. ముందు ఈ ముక్క చదువు: ఆ తాడు రోగం కాకపోవచ్చు. చాలామటుకు కాదనే ఇక్కడి ఆసుపత్రిలో అన్నారు.

నీ ఉత్తరం పొద్దున అందింది. మోకాలు పట్టేసినా ఇక్కడి పెద్దాసుపత్రికి వెళ్లాను. వ్యాయామాల గది ముందు రెండు గంటలు వరసలో కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి లోపల వ్యాయామాలు చేయించేది ఎవరనుకున్నావు? ఆరేళ్లపాటు నా డ్రిల్లు క్లాసులో కడుపునొప్పి అని మెట్ల మీద కూర్చున్న పిల్ల! నేను గుర్తుపట్టకముందే అదే లేచి నిలబడింది.

నీ సంగతంతా చెప్పాను. "టీచర్, చంకలో గ్రంథులు తీసినవాళ్లలో చాలామందికి ఇలా తాడులా వస్తుంది. మెల్లగా సాగదీస్తుంటే వదులవుతుంది. చేతులు దాచుకుని కూర్చుంటే భుజం ఇంకా బిగుస్తుంది. కానీ కళ్లతో చూడకుండా నేను ఖాయంగా చెప్పకూడదు, రేపే ఆవిడ హాస్పిటల్లో చూపించుకోమనండి" అంది. తర్వాత "ఆ సీసా తిప్పమన్న తెలివితక్కువవాళ్లు ఎవరు?" అంది. "నేనే" అన్నాను. "ఇంత తొందరగా బరువులు పట్టకూడదు టీచర్" అని మాత్రం అంది. ఆ మాట కూడా మెల్లగానే అంది.

నీకు చూపించడానికని నన్ను గోడ దగ్గర నిలబెట్టి నేర్పింది. నా చెయ్యి నుదురు దాటలేదు. నాకు ఏ ఆపరేషనూ అవలేదు. ముప్ఫై రెండేళ్లు ఈల ఊది ఊళ్లో పిల్లలందరి చేతులూ ఎత్తించాను గానీ, నా చెయ్యి నేను ఎత్తి ఎన్నేళ్లయిందో. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు కదా, ఆ గింజ నేను.

వచ్చేటప్పుడు దాన్ని అడిగాను, అప్పట్లో నీకు నిజంగా కడుపునొప్పేనా అని. "నిజంగానే టీచర్, మీరు నమ్మేవారు కాదు" అంది.

సీసా సంగతి నా తప్పు. ఇంతకంటే రాయడం నాకు రాదు, ఇది రాయడానికే రెండు కాగితాలు చింపాను. నువ్వు పిరికిదానివి కాదని రాద్దామనుకున్నాను. కానీ అబద్ధం ఎందుకు, పిరికిదానివే. అయినా పద, రేపు పొద్దున్నే వెళ్లు. బస్టాపులో కూర్చోకు, బస్సెక్కు.

వాడికి నేను చెప్పను. నువ్వు చెప్పు.

వదిన

*

పైగది
పదమూడో వారం

వదినగారికి,

వెళ్లాను. రబ్బరు తాడు అమ్మాయి నా చెయ్యి పట్టుకుని చూసి, ఆ తాడుకి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టి, తెలిసినవాళ్లు ఎదురైనట్టు "ఓ, ఇదా" అంది. నేను నెలరోజులు చచ్చి బతికినదాన్ని పట్టుకుని "ఓ, ఇదా" అంటుందా! చెంప మీద కొట్టాలనిపించింది. డాక్టరు కూడా వచ్చి చూశాడు, రోగం కాదన్నాడు. అప్పుడు ఆ అమ్మాయి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. దాని మెడలో రబ్బరు తాడు తడిసింది. "అమ్మా, మెల్లగా" అంది. ఏడవడం కూడా మెల్లగానే ఏడవాలట.

ఇంటికొచ్చి మీ తమ్ముడికి అంతా చెప్పాను. బస్టాపు సంగతి కూడా. ఆయనకి అదివరకే తెలుసట! కొట్టు తెరిచి పెట్టి రెండుసార్లు నా వెనకే వచ్చి, రోడ్డుకి అవతల నిలబడి నేను తిరిగి బయల్దేరేదాకా చూశారట. "అడగొచ్చు కదా" అని అరిచాను. "అడిగితే నువ్వు అబద్ధం చెప్పాల్సొచ్చేది" అన్నారు. ఇలాంటి మనిషితో ఎలా పోట్లాడాలో మీకేమైనా తెలిస్తే రాయండి. మీ చేతుల్లో పెరిగినవాడే కదా.

తర్వాత తడిగుడ్డ తెచ్చి ఆరు గీతలూ తుడిచేశారు. పెన్సిలు చెవికి పెట్టుకున్నారు. "నీ చెయ్యి ఎక్కడికొస్తే అక్కడ నేను గీస్తాను, నువ్వు గోడ వైపు చూడకు" అన్నారు. రోజూ రెండు పూటలా ఇదే పని. పడుకుని రెండు చేతులతో కర్ర పట్టుకుని తల మీదికి తీసుకెళ్లడం, చేతులు మెడ వెనక్కి పెట్టి మోచేతులు వెడల్పు చెయ్యడం, తర్వాత గోడ. మెడ లేని బొమ్మ చెప్పినవన్నీ చేస్తున్నాను. లెక్క రాయమంటారా? భుజం ఎత్తు నుంచి మూడు వేళ్లు. మర్నాడు రెండున్నర. తర్వాత నాలుగు. మొన్న ఒకటిన్నర, ఆ రోజు ఏడ్చాను. నిన్న నాలుగున్నర. నా జన్మలో ఇంత వంకర గీతలు చూడలేదు. కొట్టుకి వచ్చిన వాళ్లెవరైనా ఆ గోడ చూస్తే నాకు బోర్డు రాయడానికి ఇవ్వరు.

మీ చెయ్యి నుదురు దాటలేదని చదివి, చాలా రోజుల తర్వాత కడుపునిండా నవ్వాను.

మీ మరదలు

*

ముందుగది
పదిహేనో వారం

మరదలా,

నవ్వు, నవ్వు. నీ లెక్క నమ్మాను. ఒకటిన్నర చూసి నమ్మాను.

నిన్న కమిటీ మీటింగు. గుడ్డవాడు కంప్యూటర్లో బొమ్మ తెచ్చి చూపించాడు. బడి పేరు చుట్టూ గులాబీలు, పైన రెండు పావురాలు, పక్కన ప్రెసిడెంటు ఫోటో. పేరు కంటే ప్రెసిడెంటు బుగ్గలే పెద్దగా ఉన్నాయి. ఆయన మురిసిపోయాడు. మిగతావాళ్లు కూడా ఊఁ కొట్టబోయారు. నేను లేచి "ఆ బోర్డు ముట్టుకోవడానికి వీల్లేదు, మా మరదలు వస్తోంది" అన్నాను. హెడ్‌మాస్టరు "మీకు మరదలు ఉందా టీచర్?" అన్నాడు. ఎప్పుడు చెప్పుకున్నాను గనక. ఆ మాటకి నేను తల దించుకున్నాను, ఆ సంగతి నీకు రాయకుండా ఉండాల్సింది.

మూడు వారాలు గడువు. ఈలోగా నీ చెయ్యి పూర్తిగా పైకి వస్తుందా? రాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. మా కడుపునొప్పి పిల్ల అయితే ఇంకా రెండు మూడు నెలలంది. అందుకని నిచ్చెన మాట మర్చిపో. సున్నం వేసేవాళ్ల దగ్గర ఎత్తు బల్ల మాట్లాడాను. చెయ్యి పైకి రానప్పుడు మనిషే పైకి వెళ్లాలి.

వదిన

*

పైగది
పదహారో వారం

వదినగారికి,

బల్లా? బల్లెక్కి రాసే ముసలి పెయింటర్లని చూసి ఒకప్పుడు ఎంత నవ్వానో. ఇప్పుడు ఆ బల్ల మీదికే నన్ను ఎక్కిస్తున్నారు. సరే, ఎక్కుతాను. రబ్బరు తాడు అమ్మాయిని అడిగాను. ఒక పూట రాసి ఒక పూట ఆపితే పర్లేదంది. లాగితే ఆగాలట, పోటు పెడితే దిగిపోవాలట.

ఒక సంగతి మాత్రం మీకు ముందే చెప్పాలి. అక్షరాల ఒళ్లు బల్ల మీంచి ఎలాగోలా రాసేస్తాను. తలకట్లు అలా కుదరవు. అవి బోర్డు పై అంచున ఉంటాయి, బల్ల ఇంకా ఎత్తు చేస్తే గేటు కమ్మీ తలకి తగులుతుంది. అవి ఆఖర్న, చెయ్యి చాచి, ఒక్క ఊపున పెట్టాలి. మణికట్టుతో పెడితే తలకట్టు చచ్చి పడుంటుంది. భుజంలోంచే రావాలి. పదకొండు తలకట్లున్నాయి. వస్తాయో రావో నాకు తెలియదు. ఈసారి ముందుగా ఏ గీతలూ గీసుకోలేదు.

ఎల్లుండి బస్సుకి ఇద్దరం వస్తున్నాం. మంచం గోడకి దూరంగా వెయ్యండి, నాకు గోడ కావాలి.

మీ మరదలు

*

ముందుగది
పంతొమ్మిదో వారం

మరదలా,

బడి తెరిచారు. గేటు దగ్గర ఇప్పుడే నిలబడి వచ్చాను.

పోయిన వారం నువ్వు తలకట్లు పెట్టిన మధ్యాహ్నాన్ని కళ్ల ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. నువ్వు కింద ఉన్నవాళ్ల వైపు ఒక్కసారి కూడా తిరగలేదు కాబట్టి ఏం జరిగిందో నీకు తెలియదు. ముందు ప్రెసిడెంటు వచ్చాడు. ఒళ్లు రాసి ఆరబెట్టిన అక్షరాలు చూసి "ఇవేంటి, అన్నీ బోడిగా ఉన్నాయి, ఇంతేనా?" అన్నాడు. గుడ్డవాడు అతని వెనకే ఉన్నాడు, బల్ల దగ్గరే చుట్టచుట్టిన గుడ్డతో! ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకున్నారు. నా చేతిలో ఈల ఉంది. చేతిలో ఈల ఉండి ఊదకుండా నిలబడటం నా జన్మలో అదే మొదటిసారి.

నువ్వు లేచావు. మొదటి తలకట్టు పడింది. రెండోది, మూడోది. ప్రతిదానికీ మధ్య నువ్వు చెయ్యి దించి ఊపిరి తీసుకుంటున్నావు, నేను లెక్కపెడుతున్నాను. తొమ్మిది దాకా బాగానే వచ్చాయి. పదోదానికి రెండుసార్లు చెయ్యి దించి మళ్లీ ఎత్తావు. పదకొండోది బోర్డు చివర, అన్నిటికంటే దూరం. చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. మా తమ్ముడు బల్ల ఎక్కబోయాడు. అసలు ఆ బల్లకి నాలుగు కాళ్లున్నాయి, ఎవరూ పట్టుకోనక్కర్లేదు. వాడు పొద్దున్నుంచీ పట్టుకునే ఉన్నాడు. "మీరిద్దరూ నోరు మూసుకోండి" అన్నావు. మేమిద్దరం ఒక్క మాట కూడా అనలేదే!

అప్పుడు కుంచె బొటనవేలి సందులో ఇరికించి, మిగతా వేళ్లు బోర్డు చెక్క అంచుకి ఆనించావు. ఒక వేలు. తర్వాత ఇంకో వేలు. గోడ ఎక్కినట్టు బోర్డు ఎక్కావు. ప్రెసిడెంటుకి ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది, నాకు కళ్లు కనబడలేదు. మళ్లీ చూసేసరికి తలకట్టు పడి ఉంది.

అది వంకరగా ఉంది. మిగతా పదింటికంటే కొంచెం కిందికి కూడా ఉంది. ఈ రోజు హెడ్‌మాస్టరు గేటు దగ్గర ఆగి "ఆఖరిది సరిచేయిద్దామా టీచర్" అన్నాడు. దానిమీద చెయ్యి వేసినవాడి వేళ్లు విరగ్గొడతానన్నాను. వాచ్‌మన్‌కి కూడా అదే చెప్పాను. పదీ చక్కగానే ఉన్నాయి, అవి ఎవరైనా పెట్టగలరు.

మీరు బస్సెక్కే ముందు రోజు నన్ను గోడ దగ్గర నిలబెట్టి, చెయ్యి ఎత్తించి, వెక్కిరించి గీత పెట్టావు కదా. పెన్సిలు అనుకున్నాను. మీరు వెళ్లాక కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే ఎర్ర పెయింటు! దాని పక్కన చక్కటి చిన్న అక్షరాలతో "వదినగారు, మొదటి వారం" అని కూడా రాసిపెట్టావు. నా ముందుగది గోడ మీద, వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేలా. తుడిస్తే పోదు, కిరసనాయిలు పెట్టి కూడా చూశాను.

రోజూ రెండు పూటలా చేస్తున్నాను. మెల్లగానే. ఇది రెండో వారం లెక్క: నువ్వు పెట్టిన గీతకి ఒక వేలు కిందే ఆగింది.

ఉన్నదున్నట్టు రాశాను.

నీ వదిన